పుంత తెగిన చోట: డెల్టాలో మూడు ఊళ్ళ నడక బాటల పటం, పని డైరీ

మార్చి 23

గోదావరి పశ్చిమ డెల్టాలో ఒక బ్రాంచి కాలువను ఆనుకుని ఉన్న మూడు పంచాయతీలలో నడిచేవాళ్ళకూ సైకిలు తొక్కేవాళ్ళకూ పనికివచ్చే బాటలన్నిటినీ ఒకే పటంలోకి తేవాలన్న పని ఈరోజు మొదలైంది. మేము నలుగురం. రోడ్ల డిజైనులో ఇరవై ఏళ్ళు పనిచేసిన నేను, ఉద్యోగ విరమణ చేసిన ఒక సర్వేయరు గారు, కంప్యూటరులో పటాలు గీయడం నేర్చుకుంటున్న ఒక డిగ్రీ విద్యార్థిని, మూడు ఊళ్ళ గట్లూ బోదెలూ (పొలాల పిల్లకాలువలూ) కళ్ళు మూసుకుని చెప్పగల ఒక కౌలురైతు. ప్రతి బాటకూ నాలుగు విషయాలు రాయాలని నిర్ణయించుకున్నాం: అది ఎవరి అధీనంలో ఉంది, రికార్డులో వెడల్పు ఎంత, నేల మీద వెడల్పు ఎంత, ఎక్కడ తెగింది. సార్వా (వానాకాలపు వరి) ఊడ్పులు ముమ్మరం అయ్యేలోపు పటం గ్రామసభల ముందుకు వెళ్ళాలి.

మాట ఒకటి ముందే స్థిరపరచుకోవలసి వచ్చింది. మా గోదావరి జిల్లాల్లో పొలాల మధ్య నుంచి బండ్లూ పశువులూ మనుషులూ పోవడానికి వదిలిన ప్రభుత్వ దారిని పుంత అంటాం. కృష్ణా, గుంటూరు వైపు దాన్నే డొంక అంటారు, తెలంగాణలో బండ్లబాట అంటారు. పుంతలో ముసలమ్మ పేరుతో అమ్మవారి గుళ్ళు ఉన్న జిల్లాలివి. దారికి దేవతను కాపలా పెట్టుకున్న ఊళ్ళలో దారి ఎంత మిగిలిందో కొలవబోతున్నాం. పటంలో 'పాత్‌వే' అనీ 'ట్రాక్' అనీ రాయకుండా పుంత, కాలవగట్టు, డ్రెయిను గట్టు, చేలగట్టు అనే నాలుగు మాటలే వాడదామన్నది విద్యార్థిని సూచన. పటం చదవవలసినవాళ్ళు మాట్లాడే మాటలు అవే కాబట్టి వెంటనే ఒప్పుకున్నాను.

ఏప్రిల్ 6

రెండు వారాలూ కాగితాల మీదే గడిచాయి. గ్రామ పటం ఊరంతా ఒక్క చూపులో చూపిస్తుంది గాని దాని మీద పుంత ఒక సన్నటి జంట గీత మాత్రమే. అసలు కొలతలు ఎఫ్ఎంబీలో, అంటే పొలాల కొలతల పుస్తకంలో ఉంటాయి. ఒక్కొక్క సర్వే నంబరుకు ఒక్కొక్క పుట, అందులో ఒక రాయి నుంచి మరో రాయికి గీత, ఆ గీత నుంచి పక్కలకు లంబాలు, ప్రతిదానికీ లింకుల్లో అంకె. గొలుసుకు 66 అడుగులు, గొలుసుకు వంద లింకులు. అంటే లింకు 20 సెంటీమీటర్లకు కాస్త ఎక్కువ. ఈ లెక్క మా విద్యార్థినికి కొత్త. పది చదరపు గొలుసులు సరిగ్గా ఒక ఎకరం అవుతుందని సర్వేయరు గారు చెప్పినప్పుడు ఆ అమ్మాయి కాగితం మీద వేసి చూసుకుని, ఆ కొలత ఎందుకు అంతకాలం నిలిచిందో అర్థమైందని అంది.

మొదటి ఊరిలో పెద్ద పుంత 50 లింకులు, అంటే పది మీటర్లు. చిన్నవి 30 లింకులు, ఆరు మీటర్లు. డైగ్లాట్‌లో, అంటే సర్వే నంబర్ల పాత రిజిస్టరులో, వీటన్నిటి ఎదుటా పోరంబోకు అనే ఉంది. దారులూ బాటలూ ప్రభుత్వ ఆస్తి అని 1905 నాటి భూ ఆక్రమణ చట్టం చెబుతోంది. ఊరి దారుల బాధ్యత 1994 నాటి పంచాయతీరాజ్ చట్టం కింద పంచాయతీ మీద ఉంది. కొత్తగా గీయవలసిన గీత ఒక్కటీ కనబడలేదు. మూడు ఊళ్ళనూ కలిపే బాటల వల కాగితం మీద దాదాపు పూర్తిగా ఉంది.

ఏప్రిల్ 19

కాలువలకు నీళ్ళు ఆపేశారు. దాళ్వా (రెండో పంట) కోతలు అయిపోయి నేల గట్టిపడింది, బోదెలు ఎండాయి, ఎటు పడితే అటు నడవవచ్చు. కొలతలకు ఇదే అనువైన కాలమని అనుకుని రోజూ తెల్లవారకముందే బయలుదేరుతున్నాం. పది మీటర్లు ఉండవలసిన పెద్ద పుంత ఊరు దాటిన వెంటనే ఏడు మీటర్లకు దిగింది, అర కిలోమీటరు పోయేసరికి 2.8 మీటర్లయింది. ఒక్కరోజులో ఎవరూ మింగలేదు. రెండువైపులా ఏటేటా దుక్కిలో ఒక చాలు జరుగుతూ వచ్చింది, గట్టు చెక్కినప్పుడల్లా ఒక జానెడు లోపలికి వచ్చింది. చేపల చెరువు తవ్విన చోట మాత్రం మార్పు పెద్దది. చెరువు గట్టు పుంత మీద కూర్చుంది. అయితే ఆ గట్టే ఇప్పుడు దారిగా పనిచేస్తోంది కాబట్టి అక్కడ నడక ఆగలేదు.

ఈ వారం నా మనసులో నిలిచింది వేరొక చోటు. రెండో ఊరి నుంచి హైస్కూలు ఉన్న ఊరికి వెళ్ళే పుంత ఒక బోదె దగ్గర ఆగిపోతుంది. ఒకప్పటి ఇటుక చప్టా కూలిపోయి పక్కగోడలే మిగిలాయి. వాటి మీద అడ్డంగా ఒక తాటి దుంగ వేశారు. దుంగ పైభాగం నడిచి నడిచి అరిగి చదునైంది. ఆ చదును వెడల్పు కొలిస్తే 19 సెంటీమీటర్లు వచ్చింది. మధ్యలో తాటి పీచు నునుపుదేరి మెరుస్తోంది, రెండు చివరలా మాత్రం ఎవరో కొడవలితో గాట్లు పెట్టారు, అడుగు జారకుండా. ఉదయం ఐదున్నర నుంచి ఎనిమిదిన్నర దాకా ఆ దుంగ పక్కన కూర్చుని లెక్కపెట్టాం. చెరువుల పనికి పోయే ఆడవాళ్ళు టిఫిను డబ్బాలు చేతబట్టుకుని ఒకరి వెనుక ఒకరు దాటారు. పాలు పోసే ఆయన సైకిలును అవతలే ఉంచి క్యాను మోసుకుంటూ వచ్చాడు. ట్యూషన్‌కు వెళుతున్న ఒక అమ్మాయి సైకిలు దిగి, ముందు పుస్తకాల సంచి అవతల పెట్టి వచ్చి, తర్వాత సైకిలును భుజానికెత్తుకుని దుంగ మీద అడుగులో అడుగు వేసుకుంటూ దాటింది. రోజూ ఇంతేనా అమ్మా అని అడిగితే, 'నీళ్ళు వదిలాక ఇటు రామండి, తారురోడ్డు మీంచి చుట్టూ తిరిగి వెళ్తాం' అంది. ఆ చుట్టు తిరుగుడు కొలిచాం. పుంత మీద 1.3 కిలోమీటర్లు, రోడ్డు మీద 4.1. ఆ రోడ్డు మీద రాత్రీ పగలూ చేపల లారీలు.

రెండున్నర మీటర్ల బోదె దాదాపు మూడు కిలోమీటర్ల చుట్టు పెడుతోంది. మా పట్టికలో బాటల పొడవుకు మొదటి గడి, తెగిన చోట్లకు చివరి గడి ఇచ్చాం. ఈ రాత్రి వాటిని తారుమారు చేశాను. బాటల వల విలువ తెలియాలంటే ముందు తెగిన చోట్లు లెక్కపెట్టాలి.

ఏప్రిల్ 30

ఒక పొరపాటు జరిగింది, బాధ్యత నాది. గ్రామ పటాన్ని ఉపగ్రహ చిత్రం మీద పరచి, రెండు మూడు చోట్ల కూడళ్ళు కలిశాయి కదా అని మిగిలిన పటాన్ని సాగదీసి సరిపెట్టి, ఆ ముసాయిదాను పంచాయతీ కార్యాలయం గోడకు అంటించాం. ఫోనులో నమోదు చేసిన జీపీఎస్ గీత కూడా దానికి దగ్గరగానే ఉంది. అయితే ఆ చోటంతా కొబ్బరితోట, చెట్ల కింద ఫోను కొలత ఆరేడు మీటర్లు పక్కకు పోయింది. రెండు తప్పులూ ఒకే వైపు పోవడంతో మాకు ధీమా కలిగింది. ఆ గీత ఒక సన్నకారు రైతు గారి నలభై సెంట్ల చేను మధ్యలోంచి పోయింది.

ఆయన ఉదయాన్నే వచ్చారు. గొడవ పడలేదు. పాసు పుస్తకం తెచ్చి నా ముందు పెట్టి, 'మా నాన్నగారి కష్టార్జితమండి, దీంట్లో దారి ఎప్పుడు పడిందో మీరే చెప్పండి' అన్నారు. పటం తీసేశాం. మధ్యాహ్నం సర్వేయరు గారు ఎఫ్ఎంబీ పట్టుకుని దగ్గరలోని మూడు పొలిమేరలు కలిసే చోటు రాయిని వెతికారు. గుర్రపుడెక్క ఎండి పేరుకున్న కుప్ప కింద, అరచేతి లోతున ఆ రాయి దొరికింది. నీళ్ళు పోసి కడిగితే తల మీద ఉలితో చెక్కిన గుర్తు బయటపడింది. అక్కడి నుంచి టేపు పట్టుకుని లింకుల లెక్కన వస్తే పుంత ఆ రైతు గారి చేనుకు బయటే, తూర్పు గట్టును ఆనుకుని ఉంది. ఆయన సమక్షంలోనే కొలిచి, కాగితం మీద ఆయన చేత కూడా సంతకం పెట్టించాం.

రాయి ముట్టకుండా గీత గీయరాదన్నది నేటి నుంచి మా నియమం. 2020 డిసెంబరులో రాష్ట్రంలో మొదలైన భూముల రీసర్వేలో డ్రోనులూ ఉపగ్రహ స్టేషన్లూ వాడి సెంటీమీటర్ల లెక్కన కొలుస్తున్నారు. అది పూర్తయిన చోట ఆ హద్దులే తీసుకోవాలి. పూర్తికాని చోట పాత రాయే ఆధారం.

పటంలో గీతలను కూడా మూడు రకాలుగా విడదీశాం. రికార్డులోనూ నేల మీదా ఉన్నది నిండు గీత. రికార్డులో ఉండి నేల మీద లేనిది చుక్కల గీత. నేల మీద ఉండి రికార్డులో లేనిది, అంటే ఎవరి చేలగట్టు మీదుగానో తరతరాలుగా జనం నడుస్తున్నది, మా దగ్గరి కాగితంలో మాత్రమే ఉంటుంది. 1882 ఈజ్‌మెంట్ల చట్టం ప్రకారం ఇరవై ఏళ్ళు అడ్డులేకుండా, హక్కుగా వాడుకున్న దారికి హక్కు ఏర్పడవచ్చు. ప్రభుత్వ భూమి మీదైతే ముప్పై ఏళ్ళు. కానీ అది కోర్టులో నిరూపించుకోవలసిన సంగతి. ఇంగ్లండులో 1949 చట్టం వచ్చాక ఊరూరా కాలిబాటలు నడిచి నమోదు చేసి, పటంలో గీత ఉండడమే హక్కుకు తిరుగులేని సాక్ష్యం అయ్యేట్టు చేశారు. మనకు అటువంటి పటం లేదు. లేనప్పుడు, గట్టు మీద నడవనిస్తున్న రైతు మంచితనాన్ని గోడకు అంటించిన కాగితంతో పోగొట్టుకోరాదు.

మే 4

ఎండ దెబ్బకు ఇద్దరం పడకేశాం. పని లేదు.

మే 16

మూడో ఊరి పేటలో కూర్చున్నాం. తెగిన చోట్లకు వరస ఇవ్వాలి కదా, అందుకు నేను తయారుచేసిన పద్ధతి ఇది: రోజుకు ఎంతమంది దాటుతారు, చుట్టు తిరుగుడు ఎంత తగ్గుతుంది, ఖర్చు ఎంత. చూడటానికి న్యాయంగానే ఉంది. ఆ లెక్కన పేట నుంచి శ్మశానానికి వెళ్ళే పుంత తెగిన పదకొండు చోట్లలో చివరిది. దాని మీద రోజూ నడిచేవాళ్ళు లేరు. ఏడాదికి ఎన్నిసార్లు ఆ దారిన పోతారో వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు.

అక్కడి పెద్దాయన నా పట్టిక చూసి, కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, 'సార్వాలో మాలో ఎవరైనా పోతే, ముందు ఎవరి చేలోంచి దారి అని ఒక్కొక్కరినీ అడుక్కుని రావాలండి, ఆ తర్వాతే పాడె కట్టేది' అన్నారు. ఆయనే మమ్మల్ని తీసుకువెళ్ళారు. రికార్డులో 30 లింకుల పుంత నాలుగు వందల మీటర్లు బాగానే సాగి, చివర అరవై మీటర్లు రెండడుగుల చేలగట్టుగా మారిపోయింది. నలుగురు మోసే పాడె రెండడుగుల గట్టు మీద పట్టదు. మోసేవాళ్ళలో ఇద్దరైనా ఊడ్చిన చేలో మోకాలి లోతు దిగి నడవాలి. నారు తొక్కినందుకు మాట పడాలి. అరవై మీటర్ల పొడవునా ఈ వేసవిలో నేల నెరలు విచ్చి ఉంది. సార్వాలో అక్కడ దిగబడి నడిచే మనుషులను ఊహించుకోవడానికి నాకు ఎక్కువ శ్రమ పడవలసిన అవసరం లేకపోయింది.

పద్ధతిని పక్కనపెట్టాం. శ్మశానం, తాగునీరు, బడి, ఈ మూడింటికీ పోయే దారి తెగితే దాన్ని అంకెలతో పోటీకి దింపకుండా ముందే పైన రాయాలని నలుగురం అనుకున్నాం. మిగతా వాటికే లెక్కలు. నా ఇరవై ఏళ్ళ ఉద్యోగంలో ట్రాఫిక్ లెక్క లేకుండా ఏ దారికీ ప్రాధాన్యం ఇవ్వలేదు. ఈ ఒక్క సంగతి చూడకుండా ఎన్ని పట్టికలకు సంతకాలు పెట్టానో అని రాత్రంతా నిద్ర పట్టలేదు.

మే 27

కాలవగట్టు సంగతి. ధవళేశ్వరం ఆనకట్ట పని 1847లో మొదలై 1852కు పూర్తయింది. కాటన్ దొర కాలువలను సాగుకే కాక పడవల రాకపోకలకు కూడా తవ్వించాడు, అందుకే లాకులు కట్టారు. గాలి లేనప్పుడు, ఎదురు నీటిలో, పడవకు తాడు కట్టి గట్టు మీద మనుషులు నడుస్తూ లాగేవారు. అంటే ఈ గట్టు మొదటి నుంచీ నడకకు వాడిన దారే. విజ్జేశ్వరం దగ్గర నీళ్ళు తీసుకునే పశ్చిమ డెల్టా కాలువలన్నిటి గట్లనూ ఆ కళ్ళతో చూస్తే, వేరే భూసేకరణ అక్కరలేని ఎంత నడక బాట మన చేతిలో ఉందో తెలుస్తుంది. పైగా నిద్రగన్నేరు చెట్ల నీడ.

గట్టు జలవనరుల శాఖది. వాళ్ళ ఇంజినీరు గారిని కలిశాం. అభ్యంతరం లేదన్నారు, అయితే వారి షరతులు సబబైనవి. లోపలి వాలు చెక్కరాదు, పూడిక తీసే యంత్రం పోవడానికి దారి మూయరాదు, సిమెంటుతో కప్పేస్తే గట్టులో పడ్డ బొరియలు కనబడవు కాబట్టి పైన మట్టీ గ్రావెలే ఉండాలి. ఎలుకలూ ఎండ్రకాయలూ చేసిన బొరియ నుంచే గండి మొదలవుతుందని కాలువ కాపలా చూసే లస్కరు గారు ఒక చోట వంగి చూపించారు. బొటనవేలు పట్టేంత కన్నం, దాని చుట్టూ తడి మట్టి. గట్టు మీద రోజూ జనం నడిస్తే ఇలాంటివి ముందే కంటబడతాయన్నది ఆయన మాట. కార్లు గట్టెక్కకుండా మొదట్లో రాళ్ళు పాతుదాం, నడిమి రాయి మాత్రం తీసిపెట్టేట్టు ఉండాలి అని రాసుకున్నాం.

కొత్త వంతెనలు ఉన్న రెండు చోట్ల గట్టు బాట రోడ్డు మీదికి నిటారుగా ఎక్కుతుంది. ఐదు మీటర్లకు ఒక మీటరు ఎత్తు. చక్రాల కుర్చీకి పన్నెండుకు ఒకటి దాటరాదు. అక్కడ ర్యాంపు పొడిగించడానికి స్థలం ఉంది.

జూన్ 14

కాలువలకు నీళ్ళు వచ్చాయి, మొన్న గట్టి వాన కూడా పడింది. వేసవిలో కొలిచిన బాటలన్నీ మళ్ళీ తిరిగాం, ఈసారి రెండు పాలక్యాన్లు కట్టిన సైకిలుతో. నల్లరేగడి చక్రానికి అంటుకుని మడ్‌గార్డులో నిండి, నూరు గజాలకు ఒకసారి పుల్లతో గీకవలసి వచ్చింది. నిండు గీతలుగా చూపించిన పుంతలలో మూడింట రెండు వంతుల వాటి మీద సైకిలు తొక్కడం మాట అటుంచి నెట్టడమే కష్టమైంది. ఏప్రిల్‌లో మేము గీసింది ఎండాకాలపు పటం. దీనితో ప్రతి గీతకూ మరొక గుర్తు చేర్చాం, అన్ని కాలాలదా, వేసవిదా అని.

గ్రావెల్ మెట్ట నుంచి రావాలి, లారీ ఖరీదెక్కువ. నేరుగా రేగడి మీద పోస్తే రెండు వానలకు మట్టిలో దిగిపోతుంది. ముందు ఇసుకో క్రషర్ పొడో పొరగా వేసి, దాని మీద గ్రావెల్ పరచి, నడుమ ఎత్తుగా తొక్కించి, పక్క బోదె ఊట బాటలోకి రాకుండా గట్టు కట్టాలి. వరికోత మిషన్లూ ట్రాక్టర్లూ పుంత మీద పోవలసిందే, పుంత ఉన్నదే సాగు కోసం. అందువల్ల పుంత అంతటా 3.5 మీటర్లు గట్టి చేయాలన్నది మా ప్రతిపాదన. నడకకు వేరే పట్టీ గీయడం ఇక్కడ అనవసరం.

జూలై 2

గ్రామసభలు అయ్యాయి. పటం మూడు ఊళ్ళలోనూ తీర్మానమైంది. శ్మశానం పుంత మొదటిది, బడి దారి రెండోది. అరవై మీటర్ల దగ్గర ముగ్గురు రైతులలో ఇద్దరు ఈ ఏడు ఊడ్పులకు ముందే గట్టు వెనక్కి జరుపుకుంటామని సభలో చెప్పారు. మూడో ఆయన మండల సర్వేయరు చేత కొలిపించమన్నారు. అది ఆయన హక్కు, దరఖాస్తు మేమే రాసిచ్చాం.

కూడళ్ళకు గుర్తులు ఎలా పెట్టాలన్న దాని మీద ఎక్కువసేపు మాట్లాడుకున్నారు. బెల్జియంలోని లింబర్గ్‌లో 1995లో సైకిలు బాటల కూడళ్ళకు అంకెలు వేశారు. బొగ్గు గనుల్లో పనిచేసిన ఒక ఇంజినీరు ఆలోచన అది, తర్వాత పక్కనున్న నెదర్లాండ్స్‌కూ పాకింది. మనిషి తనకు కావలసిన అంకెల వరస గుర్తుపెట్టుకుని కూడలి నుంచి కూడలికి పోతాడు. మా డెల్టా వంటి పల్లపు నేలకు ఇది బాగా కుదురుతుందని నేను చెప్పాను. ఒక పెద్దావిడ లేచి, 'అంకెలు వేసుకోండి బాబూ, కానీ రావిచెట్టు రేవును పన్నెండు అనమంటే మా నోరు తిరగదు' అన్నారు. ప్రతి రాయి మీదా అంకె, దాని కింద ఆ చోటికి జనం పిలిచే పేరు చెక్కించాలని తీర్మానంలో రాశాం. పేర్లు పోగుచేసే పని ఆవిడకే అప్పగించారు. సాయంత్రానికి ఇరవై ఆరు చెప్పారు, వాటిలో తొమ్మిది మా కౌలురైతుకు కూడా తెలియవు.

జూలై 18

బోదె మీద పలక వేశారు. పంచాయతీ నిధులతో రెండు ముక్కలుగా పోయించిన కాంక్రీటు పలక. వెడల్పు 1.8 మీటర్లు, పట్టణ ఫుట్‌పాత్‌లకు ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 2012లో చెప్పిన కనీస వెడల్పు అదే. నీటి వైపు ఒక పట్టుగొట్టం. పాత పక్కగోడల ఇటుక గట్టిగా ఉండటంతో పునాది తవ్వవలసిన పని పడలేదు. ట్రాక్టరు ఎక్కకుండా పుంత చివర రాయి పాతారు, ట్రాక్టర్లు దాటడానికి వేరే తూము ఉంది.

ఉదయం ఐదున్నరకు మళ్ళీ అదే చోట కూర్చున్నాం. సన్నని వాన. ఏడింటికి ఆ అమ్మాయి వచ్చింది. పలక దగ్గర అలవాటుగా సైకిలు దిగి, ఒక కాలు పలక మీద ఆనించి చూసి, మళ్ళీ ఎక్కి తొక్కుకుంటూ పోయింది. వెనుక ఇద్దరు పిల్లలు, వాళ్ళు దిగనేలేదు. తాటి దుంగను ఎవరో పక్కకు దొర్లించి పుంత అంచున కూర్చోవడానికి పెట్టారు.

శ్మశానం పుంత కొలతకు మండల సర్వేయరు వచ్చే తేదీ ఇంకా రాలేదు. ఆ అరవై మీటర్ల పక్కన ఊడ్పు ఇరవై రోజుల్లో మొదలవుతుంది. సోమవారం నేనూ పేట పెద్దాయనా కలిసి కార్యాలయానికి వెళుతున్నాం.